పడిశం మిగిల్చిన జ్ఞాపకం

1960 ఫిబ్రవరిలో, ఇంగ్లండు దేశంలోని సర్రే ప్రాంతంలో, ఒక వసతి పాఠశాలలో చదువుకొంటున్న బాలునికి పడిశం పట్టింది. పడిశం పట్టని బాలుడు లోకంలో ఎక్కడా ఉండడు కనుక ఇది చరిత్రకెక్కదగిన సంగతి కాదు. అయితే ఆ బాలుని ముక్కు కడిగిన నీరు సాలిస్‌బరీ పట్టణానికి సమీపంలోని జలుబు పరిశోధన కేంద్రానికి చేరింది. అక్కడ దానికి 'బి 814' అని గుర్తు పెట్టి భద్రపరిచారు. ఆ కేంద్రం రెండవ ప్రపంచ యుద్ధం ముగిసిన మరుసటి సంవత్సరం, 1946లో ఏర్పడింది. జలుబు తెచ్చుకోవడానికి ఇష్టపడి వచ్చే వారికి పది రోజులపాటు ఉచితంగా భోజన వసతులు కల్పించి, వారి ముక్కులలో ఇటువంటి నీటిని చుక్కలుగా వేసి పరీక్షించడం అక్కడి పద్ధతి. బి 814 వేయించుకొన్న వారికి జలుబు చేసింది. కాని ఆ జలుబును కలిగించిన క్రిమి మాత్రం ప్రయోగశాలలో పెంచిన మామూలు కణాలలో పెరగడానికి మొండికేసింది. డేవిడ్ టిరెల్, ఆయన సహచరుడు బైనో కలిసి మానవ శ్వాసనాళపు సన్నని తునకలను గాజు పాత్రలో సజీవంగా నిలిపి, వాటిపై ఆ క్రిమిని పెంచగలిగారు. 1965లో ఆ ఫలితాన్ని ప్రకటించారు.

పెంచారు సరే, దాని ఆకారమెట్టిది? ఈ ప్రశ్నకు సమాధానం చెప్పిన వ్యక్తి జూన్ ఆల్మెయిడా. ఆమె గ్లాస్గో నగరంలో ఒక బస్సు డ్రైవరు కుమార్తె. ఇంటి ఆర్థిక పరిస్థితి కారణంగా పదహారవ యేట చదువు మాని, ఆ నగరంలోని ఆసుపత్రి ప్రయోగశాలలో సహాయకురాలిగా చేరింది. అక్కడే సూక్ష్మదర్శిని ఆమె చేతికి వచ్చింది. తరువాత కెనడాలోను, లండన్‌లోను ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినితో వైరసులను చూడడంలో సాటిలేని నైపుణ్యం సంపాదించింది. టిరెల్ పంపిన నమూనాలో గుండ్రని రేణువులు, వాటి చుట్టూ కిరణాల వంటి ముళ్ళు ఆమెకు కనిపించాయి. అటువంటి రూపాన్నే ఆమె అంతకు ముందు కోళ్ళకు, ఎలుకలకు వచ్చే వ్యాధులలో చూసింది. ఆ సంగతిని వ్యాసంగా పంపగా, ఇవి ఇన్‌ఫ్లుయెంజా వైరసుకు సరిగా తీయని చిత్రాలని పరిశీలకులు తిప్పి పంపారు. మానవులలోని వైరసు కూడా అదే కుటుంబానికి చెందినదని తేలడంతో ఆమె మాట నిలిచింది. ఆ ముళ్ళ వలయం కిరీటాన్ని పోలి ఉండడంతో 1968లో ఆ కుటుంబానికి 'కరోనా' అని పేరు పెట్టారు. లాటిన్ భాషలో ఆ మాటకు కిరీటమని అర్థం.

2020లో ఇంటింటా భయంతో పలికిన పేరు ఆ విధంగా ఒక బడిపిల్లవాని పడిశం చుట్టూ పుట్టినది. ఈ కుటుంబంలో మానవులకు సాధారణమైన జలుబు కలిగించేవి నాలుగు ఉన్నాయి. 229ఇ, ఓసి 43 అనేవి 1960 దశకంలోనే తెలిశాయి. ఎన్ఎల్ 63ను 2004లో నెదర్లాండ్స్ దేశంలోను, హెచ్‌కెయు 1ను 2005లో హాంగ్‌కాంగ్‌లోను గుర్తించారు. ఈ నాలుగింటినీ ఎదుర్కోకుండా పెరిగి పెద్దయిన వారు అరుదు. పైగా ఇవి ఒకసారి వచ్చి వదలిపెట్టవు. ఆమ్‌స్టర్‌డామ్‌లోని పరిశోధకులు పదిమంది ఆరోగ్యవంతుల రక్తాన్ని ముప్పయి అయిదేళ్ళకు పైగా పరీక్షిస్తూ రాగా, ఒకే వైరసు తరచుగా ఏడాదికే తిరిగి సోకుతున్నట్లు 2020లో తేలింది. బడి ఈడు పిల్లలు ఒకే బల్ల మీద కూర్చుంటారు, ఒకే సీసాలోని నీళ్ళు తాగుతారు. కాబట్టి ఈ వైరసులతో పరిచయం పెద్దల కన్న వారికే ఎక్కువ, అదీ ఇటీవలిది.

2019 చివర చైనాలోని ఊహాన్ నగరంలో బయటపడిన కొత్త వైరసు ఈ కుటుంబానికి చెందినదే. 2020 మార్చిలో భారతదేశమంతటా బడులు మూతపడ్డాయి. పిల్లలకు జబ్బు చేస్తుందన్న భయం ఒకటి, వారు దానిని ఇంటికి తెచ్చి తాతలకు, అమ్మమ్మలకు అంటిస్తారన్న భయం మరొకటి. ఆ భయాలలో నిజమెంతో చెప్పిన తొలి పెద్ద అధ్యయనాలలో ఒకటి తెలుగు నేలకు సంబంధించినదే. ఆంధ్రప్రదేశ్, తమిళనాడు రాష్ట్రాలలో ఆరోగ్య కార్యకర్తలు ఇల్లిల్లూ తిరిగి సేకరించిన వివరాల ఆధారంగా అది సాగింది. 84,965 మంది రోగుల వివరాలను, వారితో మెలగిన 5,75,071 మందికి జరిపిన పరీక్షల ఫలితాలను పరిశీలించి 2020 సెప్టెంబరు చివర దానిని ప్రకటించారు. పిల్లలకు వ్యాధి సోకదన్న నమ్మకాన్ని అది వమ్ము చేసింది. పిల్లల నుండి, ముఖ్యంగా వారి ఈడు పిల్లలకే, వైరసు వ్యాపిస్తున్నట్లు చూపింది. అదే సమయంలో మరొక అంతరాన్ని కూడా అది వెల్లడించింది. వ్యాధి సోకిన అయిదేళ్ళ నుండి పదిహేడేళ్ళ వారిలో మరణించినవారు నూటికి 0.05 మంది కాగా, ఎనభై అయిదేళ్ళు దాటిన వారిలో నూటికి 16.6 మంది.

2021 జూన్, జూలై నెలలలో భారత వైద్య పరిశోధన మండలి జరిపిన నాల్గవ సర్వే కూడా ఈ దిశగానే సాగింది. కామారెడ్డి, జనగామ, నల్లగొండ, కృష్ణా, నెల్లూరు, విజయనగరం జిల్లాలు అందులో ఉన్నాయి. దేశం మొత్తం మీద ఆరు నుండి తొమ్మిదేళ్ళ పిల్లలలో 57.2 శాతం మందికి, పది నుండి పదిహేడేళ్ళ వారిలో 61.6 శాతం మందికి రక్తంలో ప్రతిదేహాలు కనిపించాయి. అప్పటికి ఆ వయసు వారికి టీకా అందుబాటులో లేదు. కనుక వారందరికీ వైరసు సోకి ఉండాలి. సోకినట్లు ఎక్కువమందికి తెలియనే లేదు. ఒకే గదిలో పాఠం చెప్పిన గురువు ఆసుపత్రి పాలయితే, పాఠం విన్న శిష్యుడు రెండు రోజులు తుమ్మి ఊరుకోవడానికి కారణమేమిటన్నది అప్పుడు శాస్త్రజ్ఞుల ముందు నిలిచిన ప్రశ్న.

ఆ ప్రశ్నకు సూచించిన సమాధానాలలో ఒకటి పాత పడిశాలకు సంబంధించినది. పల్లెలో అరుగు మీద కూర్చున్న పెద్దాయన దారిన పోయే కుర్రవాణ్ణి ఆపి, "నువ్వు ఫలానా వారి మనుమడివి కావూ?" అని అడగడం కద్దు. ఆ కుర్రవాణ్ణి ఆయన మునుపెన్నడూ చూసి ఉండడు. ముక్కు తీరో, నడకో తాతను పట్టి ఇస్తుంది. మన శరీరంలోని రక్షణ వ్యవస్థ కూడా ఈ విధంగా పోలిక పట్టగలదు. ఒక క్రిమిని ఎదుర్కొనేందుకు తయారైన ప్రతిదేహాలు, టి కణాలు దానికి దాయాది అయిన మరొక క్రిమిని కూడా కొంత మేరకు గుర్తించడాన్ని 'క్రాస్ రియాక్టివ్ ఇమ్యూనిటీ' అంటారు. తెలుగులో దీనిని సారూప్య నిరోధకత అనవచ్చు.

ఈ భావం కొత్తది కాదు. ఇంగ్లండులోని పల్లెసీమలలో, ఆవుల పొదుగులకు వచ్చే పొక్కులు అంటుకొన్న పాలు పితికే స్త్రీలకు మశూచి రాదన్న నమ్మకం ఉండేది. ఎడ్వర్డ్ జెన్నర్ 1796 మే 14వ తేదీన ఆ పొక్కుల రసాన్ని ఎనిమిదేళ్ళ బాలుని చేతికి ఎక్కించి, కొన్ని వారాల తరువాత మశూచి రసాన్నే ఎక్కించి చూశాడు. బాలునికి జబ్బు రాలేదు. ఇటువంటి ప్రయోగాన్ని నేడు ఏ నీతి సంఘమూ అనుమతించదు. రెండు శతాబ్దాలు పూర్తి కాకముందే, 1980లో మశూచి భూమి మీద లేదని ప్రకటించగలగడానికి మాత్రం ఆ రెండు వైరసుల నడుమ ఉన్న పోలికే పునాది.

కరోనా వైరసులలో ఈ పోలిక ఎక్కడ ఉన్నదో తెలియాలంటే వాటి ముల్లును దగ్గరగా చూడాలి. ముల్లులో ఎస్ 1 అనే తల భాగం, ఎస్ 2 అనే కాండ భాగం ఉంటాయి. తల భాగం మన కణాన్ని పట్టుకొంటుంది. కాండ భాగం వైరసు పొరను కణపు పొరతో కలిపి, లోపలికి దారి చేస్తుంది. తల భాగం వైరసు వైరసుకూ వేరుగా ఉంటుంది, తరచుగా మారుతుంది కూడా. కాండ భాగం చేసే పని అన్నింటిలోనూ ఒకటే కావడంతో అది అంతగా మారదు. పడిశం వైరసులను చూసిన ప్రతిదేహాలు కొత్త వైరసులో గుర్తుపట్టగలిగేది ముఖ్యంగా ఈ కాండాన్నే. టి కణాల తీరు వేరు. అవి వైరసు పై రూపాన్ని చూడవు. వైరసు సోకిన కణం తన ఉపరితలం మీద పెట్టి చూపే చిన్న చిన్న ప్రోటీను తునకలను చూస్తాయి. ఆ తునకలు వైరసు లోపలి ప్రోటీనులవి కూడా కావచ్చు. లోపలి ప్రోటీనులలో మార్పు తక్కువ కాబట్టి టి కణాలకు పోలిక పట్టడం మరింత సులువు.

లండన్‌లోని ఫ్రాన్సిస్ క్రిక్ సంస్థ పరిశోధకులు మహమ్మారికి పూర్వం సేకరించి దాచిన రక్త నమూనాలను వెలికి తీశారు. కొత్త వైరసు భూమి మీద కాలు మోపకముందు తీసిన రక్తంలో దానిని గుర్తించే ప్రతిదేహాలు ఉండకూడదు. కాని ఉన్నాయి. పెద్దలలో నూటికి సుమారు అయిదుగురిలో కనిపించగా, ఒకటి నుండి పదహారేళ్ళ పిల్లలు 48 మందిలో 21 మందికి ఉన్నాయి. ఆరేళ్ళు దాటిన బడి పిల్లలలో ఇవి మరీ అధికం. అవి ఎక్కువగా ఎస్ 2 కాండాన్నే పట్టుకొన్నాయి. గాజు పాత్రలో వైరసును కొంతవరకు అడ్డుకొన్నాయి కూడా. 2020 చివర ఈ ఫలితం వెలువడినప్పుడు, పిల్లలకు జబ్బు తేలికగా పోవడానికి కారణం దొరికినట్లేనని చాలామంది భావించారు.

అది తొందరపాటే. పడిశాల వైరసులపై తయారైన ప్రతిదేహాలు మహమ్మారికి ముందే ఉన్నవారికీ లేనివారికీ కొత్త వైరసు సోకడంలో తేడా ఏమీ లేదని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయ పరిశోధకులు 2021లో చూపారు. గుర్తుపట్టడం వేరు, ఆపగలగడం వేరు. అరుగు మీది పెద్దాయన కుర్రవాణ్ణి పోల్చుకొన్నంత మాత్రాన అతడు తోటలో దూరకుండా ఆపగలడని చెప్పలేము. కొన్ని సందర్భాలలో సగం పోలిక కీడు కూడా చేస్తుంది. డెంగీ ఇందుకు ప్రసిద్ధమైన ఉదాహరణ. డెంగీ వైరసులు నాలుగు రకాలు. ఒక రకం సోకి తగ్గిన వానికి కొంతకాలం తరువాత మరొక రకం సోకినప్పుడు, పాత ప్రతిదేహాలు కొత్త వైరసును పట్టుకొని కూడా నశింపజేయలేక, దానిని కణాలలోకి చేరవేసే వాహనాలుగా మారుతాయి. డెంగీలో రెండవసారి వచ్చే జ్వరం తరచుగా ప్రమాదకరం కావడానికి ఇది ఒక కారణం. కోవిడ్ విషయంలోను అట్లా జరుగుతుందేమోనని మొదట భయపడ్డారు గాని, ఆ భయం నిజమైనట్లు ఆధారాలు లభించలేదు.

ఈ వాదోపవాదాల నడుమ అసలు పరీక్ష బడిలోనే జరిగింది. ఇంగ్లండులో 2020 జూన్‌లో ప్రాథమిక పాఠశాలలు పాక్షికంగా తిరిగి తెరచుకొన్నప్పుడు, అప్పటి ప్రజారోగ్య సంస్థ ఆ బడులలో పిల్లలకు, సిబ్బందికి కలిపి పరీక్షలు ప్రారంభించింది. ఒకే ఆవరణలో మెలగుతూ, ఒకే గాలి పీల్చే రెండు తరాలను పక్కపక్కన పెట్టి చూసే అవకాశం ఇట్లా దొరికింది. అందులో మూడు నుండి పదకొండేళ్ళ పిల్లలు 91 మంది, పెద్దలు 154 మంది ఇచ్చిన రక్తాన్ని బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు పరీక్షించి 2021 డిసెంబరులో ఫలితాలు ప్రకటించారు.

కొత్త వైరసు సోకిన పిల్లలలో ఆ వైరసుపై మాత్రమే కాక, ఓసి 43, హెచ్‌కెయు 1 అనే పడిశం వైరసులపై కూడా ప్రతిదేహాలు ఒక్కసారిగా పెరిగాయి. అంటే వారి శరీరం కొత్త చుట్టాన్ని పాత చుట్టాల ద్వారా పోల్చుకొన్నది. ఆ పెరుగుదలకు కారణం తిరిగి ఎస్ 2 కాండమే. ముల్లును గుర్తించే టి కణాల స్పందన పిల్లలలో పెద్దల కంటె రెండు రెట్లకు పైగా ఉన్నది. అన్నింటికంటె విశేషమేమంటే, ప్రతిదేహాలు లేని, అనగా కొత్త వైరసు సోకిన గుర్తులేని పిల్లలలో కూడా అనేకులకు ఈ టి కణాలు కనిపించాయి. వాటిని వారికి సంపాదించి పెట్టినవి పాత పడిశాలే కావచ్చు. ఆరునెలలు గడచిన తరువాత పెద్దలలో స్పందన తగ్గుముఖం పట్టగా, పిల్లలలో నిలకడగా ఉన్నది.

పెద్దలు కూడా జీవితమంతా పడిశాలు పట్టినవారే కదా, వారి కెందుకు ఈ భాగ్యం లేదు? ఇందుకు ఒకటి కంటె ఎక్కువ సమాధానాలున్నాయి. టి కణాలకు శిక్షణ ఇచ్చే థైమస్ గ్రంథి బాల్యంలో పెద్దదిగా ఉండి, యౌవనం నుండి క్రమంగా కుంచించుకొని పోతుంది. కొత్తదానికి తగినట్లు కణాలను సిద్ధం చేసే శక్తి దానితోపాటే తరుగుతుంది. పైగా పడిశం ఇచ్చే రక్షణ స్వల్పకాలికమని ఇంతకు ముందే చూశాము. పిల్లలకు అది ఏటా కొత్తబడుతుంది. వీటన్నింటితో సంబంధం లేని మరొక కారణాన్ని బెర్లిన్ పరిశోధకులు 2021లో కనుగొన్నారు. పిల్లల ముక్కులోని కణాలు వైరసు రాకముందే అప్రమత్తంగా ఉండి, వచ్చిన వెంటనే ప్రతిఘటన మొదలుపెడతాయి. కనుక పిల్లల క్షేమాన్ని మొత్తంగా పాత పడిశాల ఖాతాలో రాయడం సరికాదు. కొద్దిమంది పిల్లలకు వ్యాధి తగ్గిన కొన్ని వారాల తరువాత గుండె, జీర్ణకోశం వంటి పలు అవయవాలలో తీవ్రమైన వాపు వచ్చిన సంగతిని కూడా మరువరాదు.

అట్లని పెద్దలకు పడిశం వల్ల ఏ మేలూ జరగలేదని కాదు. అమెరికాలోని బోస్టన్ నగరంలో ఒక వైద్యకేంద్రపు పాత రికార్డులను తిరగవేయగా, అంతకు ముందు అయిదేళ్ళలో సాధారణ కరోనా జలుబు చేసినట్లు పరీక్షలో తేలిన వారికి కోవిడ్ రాకుండా పోలేదు గాని, వచ్చినప్పుడు అత్యవసర చికిత్స దాకా పోవలసిన అవసరం తక్కువగా కలిగింది. లండన్‌లోని ఇంపీరియల్ కళాశాల వారు కోవిడ్ రోగులతో ఒకే ఇంటిలో ఉన్న, లేదా వారితో సన్నిహితంగా మెలగిన 52 మందిని పరిశీలించారు. అందులో సరిగా సగం మందికి, 26 మందికి, వైరసు సోకలేదు. పాత పడిశాల నాటి టి కణాలు ఆ తప్పించుకొన్న వారిలోనే ఎక్కువగా కనిపించాయి. ముల్లును కాక లోపలి ప్రోటీనులను గుర్తించేవి అవి. 2022 జనవరిలో ఈ ఫలితాన్ని ప్రకటిస్తూ, జలుబు చేసిందన్న ధీమాతో టీకా మానరాదని ఆ పరిశోధకులే హెచ్చరించారు. ఆ హెచ్చరిక అవసరమైనదే, 52 మంది లోకానికి సరిపడే సాక్ష్యం కారు.

పోలిక ఎంత దగ్గరిదైతే రక్షణ అంత బలంగా ఉంటుందనడానికి సింగపూరులో సాక్ష్యం దొరికింది. 2003లో సార్స్ వ్యాధి సోకి బ్రతికి బయటపడిన వారి రక్తంలో, పదిహేడేళ్ళు గడచినా, ఆ వ్యాధిని గుర్తుంచుకొన్న టి కణాలు ఉన్నాయి. అవి 2019 నాటి కొత్త వైరసును కూడా గుర్తుపట్టాయి. సార్స్ వైరసు దానికి పడిశం వైరసులకన్న ఎంతో దగ్గరి చుట్టం. వారిలో ఎనిమిది మందికి కోవిడ్ టీకా వేయగా, వారి ప్రతిదేహాలు కోవిడ్ రకాలనే కాక, ఇంకా మానవులకు సోకని, గబ్బిలాలలోను అలుగులలోను ఉన్న దాయాది వైరసులను కూడా అడ్డుకొన్నట్లు 2021లో తేలింది. రాబోయే కరోనా వైరసులన్నింటికీ కలిపి ఒకే టీకా తయారుచేయాలన్న ప్రయత్నానికి ఈ ఎనిమిది మంది రక్తం గొప్ప ఉత్సాహాన్నిచ్చింది. తరచుగా మారే తలను వదలి, ఎస్ 2 కాండాన్ని గురిగా పెట్టుకోవడం ఆ ప్రయత్నాలలో ఒక మార్గం.

ఇక సర్రే బాలుని పడిశం సంగతి. బి 814 నమూనా తరువాతి కాలంలో ఎక్కడో నష్టమైపోయింది. దాని జన్యువులను చదివే విద్య వచ్చేనాటికి చదవడానికి అది మిగలలేదు. నేడు తెలిసిన నాలుగు పడిశం వైరసులలో అది ఒకటో, లేక ఎవరికీ తెలియకుండా వచ్చి పోయిన అయిదవదో తేల్చగలిగిన ఆధారమేదీ లేదు. దాని జ్ఞాపకం మిగిలి ఉంటే ఆ బాలుని రక్తంలోను, ముక్కులో చుక్కలు వేయించుకొన్న ఆ సాలిస్‌బరీ అతిథుల రక్తంలోను మాత్రమే మిగిలి ఉండాలి.